తంగేడు దగ్గర గంటసేపు

ఇంటికి చేరి నాలుగు రోజులైంది. సంచి దులిపినప్పుడల్లా ఇంకా ఎర్రమట్టి రాలుతోంది. నోటుపుస్తకం అంచులు తంగేడు పుప్పొడి అంటి పచ్చబడ్డాయి. చూసినవి కళ్ల ముందు ఉండగానే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పడం నా పని. ఆరేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఒంటరి తేనెటీగలను ఫొటో తీసి, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ పువ్వు మీద చూశానో రాసుకుంటున్నాను. తేనెటీగ అనగానే పట్టు, రాణి, వేల ఈగలు మనసులో మెదులుతాయి. ప్రపంచంలో శాస్త్రం గుర్తించిన తేనెటీగ జాతులు 20,000 పైచిలుకు. వాటిలో పట్టు కట్టి కాపురం చేసేవి కొన్నే. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరివి. ఆడ ఈగ ఒక్కతే గూడు తవ్వుకుంటుంది, పుప్పొడిని మకరందంతో ముద్ద చేస్తుంది, దాని మీద గుడ్డు పెట్టి, గది మూసి, పక్క గది మొదలుపెడుతుంది. బిడ్డ బయటికి వచ్చే నాటికి చాలా జాతుల్లో తల్లి బతికి ఉండదు.

మన దేశంలో ఏడు వందలకు పైగా తేనెటీగ జాతులు నమోదయ్యాయి. వాటి పేర్లు దొరుకుతాయి, ఊళ్లు దొరకవు. బింగం అనే సైనికాధికారి 1897లో బ్రిటిష్ ఇండియా కందిరీగలనూ తేనెటీగలనూ ఒక సంపుటంలో వర్ణించాడు. ఇప్పటికీ మొదట తెరిచి చూసేది దాన్నే. అయితే ఆ కాలపు నమూనాల చీటీల మీద చాలాసార్లు 'దక్షిణ భారతం' అనో 'మద్రాసు' అనో రాసి ఉంటుంది. తాండూరు బండల నేలా, అనంతపురం ఇసుకా, అరకు మంచూ అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. నన్ను ఇంట్లో కూర్చోనివ్వనిది ఆ మాటే.

అందుకే ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాను. వెళ్లిన ప్రతిచోటా తంగేడు పొద వెతకాలి. ఉదయం తొమ్మిది నుంచి పది దాకా దాని ముందు కదలకుండా కూర్చుని, వచ్చినవాటిని రాయాలి. పువ్వు ఒకటే అయితే, మారేది ప్రాంతమే కదా. వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మేనల్లుడు కెమెరా మోస్తూ తోడు వచ్చాడు. దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారే వాడేశాను.

నవంబరు 9, తాండూరు

కంది పూత మీద ఉంది. పసుపు పూలకు వెనక ఎర్ర చారలు. చేలకు కంచెలుగా నిలబెట్టిన నాపరాళ్ల మధ్య ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. బతుకమ్మ వెళ్లిపోయినా గట్ల మీద తంగేడు ఇంకా విరబూసే ఉంది.

తంగేడులో మకరందం ఉండదు. పుప్పొడి కూడా విప్పి పెట్టినట్టు ఉండదు. కేసరాల కొనల్లో చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచే రాలాలి. కేసరాన్ని పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలతో ఒళ్లు వణికించే ఈగకే అది దొరుకుతుంది. పట్టు కట్టే తేనెటీగలకు ఆ విద్య రాదు. తొమ్మిదీ పదికి మొదటి తుమ్మెద వచ్చింది. ఇదీ తేనెటీగే, కర్ర తొలిచి గూడు పెట్టే పెద్ద రకం. ఎగిరేటప్పుడు బరువైన ఝంకారం, పువ్వు మీద వాలగానే స్వరం ఒక్కసారిగా పైకి లేచింది. మేనల్లుడు అటు తిరిగే ఉన్నాడు, చూడకుండానే "ఇప్పుడు వాలింది అత్తా" అన్నాడు. నల్లటి ఒళ్లు, ఛాతీ మీద పసుపు శాలువా. జైలోకోపా పూబెసెన్స్ ఆడది. దీని పేరూ, దీన్ని పోలిన ఎస్ట్యువాన్స్ అనే మరో జాతి పేరూ చాలాకాలం ఒకదాని బదులు ఒకటి వాడుతూ వచ్చారు. పాత రికార్డుల్లో ఏది ఏదో తేల్చాలంటే ఆ నమూనాను తీసి మళ్లీ చూడవలసిందే. ఇదే జాతి మగది ఒళ్లంతా బంగారు పసుపు. పక్కపక్కన పెడితే ఒక జాతివని ఎవరూ అనుకోరు. మగదాన్ని ఒక జాతిగా, ఆడదాన్ని మరో జాతిగా వర్ణించి, తర్వాత పేర్లు కలిపిన సందర్భాలు తేనెటీగల వర్గీకరణలో ఎన్నో.

పది గంటలకు లేచి కంది చేలోకి దిగాం. రైతు మా చేతి వల చూసి దగ్గరికి వచ్చాడు. ఆకులు తెంపి చూపించాడు. అంచుల నుంచి బిళ్ల కోసినట్టు గుండ్రటి ముక్కలు పోయి ఉన్నాయి.

"మేడం, ఈ పురుగుకు ఏ మందు కొట్టాలి?"

మాట చెబితే నమ్మడని, ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. ఇరవై నిమిషాలకు అది వచ్చింది. ఆకు అంచున కాళ్లతో పట్టు బిగించి, దవడలతో వంపుగా కోసుకుంటూ పోయి, ముక్క తెగీ తెగకముందే రెక్కలు ఆడించి, దాన్ని పొట్ట కింద చుట్టి పట్టుకుని ఎగిరిపోయింది. మొత్తం పది సెకన్లు పట్టలేదు. మెగాకైలి, అంటే మెగాకైలిడే కుటుంబపు ఆకుకోత ఈగ. నిలువు ముక్కలు గది గోడలకు, గుండ్రటివి మూతకు. దీన్ని గుర్తుపట్టడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు: మిగతా ఈగల్లో చాలావరకు పుప్పొడిని వెనక కాళ్లకు పట్టించుకుంటే, ఈ కుటుంబంలో గూడు కట్టుకునే ఆడవి పొట్ట అడుగున ఉన్న వెంట్రుకల కుచ్చులో నింపుకుంటాయి. కంది పువ్వు కట్టడం కూడా వాటికి కొలిచి కుట్టినట్టే ఉంటుంది. ఈగ వాలగానే దాని బరువుకు పడవలాంటి కింది రేకు వంగుతుంది, లోపలి కేసరాలు పైకి లేచి సరిగ్గా ఆ పొట్టకే తగులుతాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మగ వంధ్యత్వం ఆధారంగా, అంటే పుప్పొడి పండని మొక్కలను వాడి, కంది సంకర వంగడాలను తయారుచేసింది. అక్కడ ఒక వరస మొక్కల నుంచి మరో వరసకు పుప్పొడి మోసే పని ఇలాంటి ఈగలదే.

రైతు ఆకును మళ్లీ తిప్పి చూశాడు. "అయితే ఇది నష్టం కాదా?" అన్నాడు. ఆకుకు పోయేది ఆ కాస్త ముక్కే, పూతకు వచ్చేది కాయ అన్నాను. శనగపచ్చ పురుగుకు మందు కొట్టకుండా ఉండలేనన్నాడు. ఆ మాట నిజమే, వాదించలేదు. ఈగలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పూల మీద ఉంటాయి, సాయంత్రం కొట్టమని మాత్రం అడిగాను. వాళ్లింట్లో జొన్న రొట్టె, పుంటికూర పప్పు పెట్టారు. ఆ కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఇంటావిడ గర్వంగా చెప్పారు. డబ్బు తీసుకోలేదు. రెండు కిలోల పప్పు కొంటామంటే ఒప్పుకున్నారు, తూకం మాత్రం మొగ్గు చూపించి వేశారు.

వెళ్లేముందు కంచె రాళ్ల సందులు చూశాం. ఒక సందులో మట్టి పూత వేసి మూసిన గదులు వరసగా ఉన్నాయి. పైన ముదురు గోధుమరంగు ఉన్ని కప్పుకున్న ఈగ తిరుగుతోంది. మెగాకైలి లనాటా అనుకుంటున్నాను. ఇళ్లలో తాళంచెవి కన్నాలనూ, ప్లగ్గు రంధ్రాలనూ మట్టితో మూసేవాటిలో ఇదొకటి. ఆ తప్పు ఊరికే కందిరీగల మీద పడుతుంటుంది.

నవంబరు 11, మన్ననూరు

పులుల అభయారణ్యం. ఇక్కడ అనుమతి లేకుండా పురుగును కూడా పట్టకూడదు. వలా, సీసాలూ బసలోనే వదిలేసి, రోడ్డు పక్కన కెమెరాతోనే నిలబడ్డాం.

నా దగ్గర మామూలుగా ఒక మంచుపెట్టె ఉంటుంది. ఈగను సీసాలో పట్టి ఐదారు నిమిషాలు చల్లబరిస్తే మత్తుగా కూర్చుంటుంది. రెక్కల్లోని గదులు, ముఖం, కాళ్లు ఫొటో తీసి ఎండలో పెడితే తేరుకుని ఎగిరిపోతుంది. నేను చంపను. అలాగని చంపి నమూనా తీసేవారిని తప్పుపట్టను. సూది గుచ్చి చీటీ కట్టిన నమూనా ఉంటేనే వందేళ్ల తర్వాత ఎవరైనా నేటి పేరు సరైనదో కాదో చూడగలరు. బింగం తప్పులను దిద్దగలుగుతున్నామంటే ఆయన చూసిన ఈగలు ఇంకా పెట్టెల్లో ఉండబట్టే. ఆ పని శిక్షణ, అనుమతి ఉన్నవారు చేయాలి. ఎక్కడ వెతకాలో చూపించే పని నాలాంటివాళ్లు చేయవచ్చు.

ఇక్కడి తంగేడు దగ్గర గంటలో వచ్చినవి మూడే. మూడూ పెద్దవి, ఒంటి మీద ఒక్క పసుపు వెంట్రుక లేదు, రెక్కలు మాత్రం ఎండ పడ్డ చోట నీలం, ఆకుపచ్చ, ఊదా మెరుపు. జైలోకోపా లాటిపెస్. 'వెడల్పు పాదాలది' అని ఆ పేరుకు అర్థం. మగదాని ముందు కాళ్లు నిజంగానే వెడల్పుగా, కుచ్చులు కట్టినట్టు ఉంటాయి. అడుగు తీసి అడుగు వేస్తే చెట్లు ఉన్న చోట ఇది కనిపించడం, బోడి గట్ల తాండూరులో గంట కూర్చున్నా రాకపోవడం నాకు నచ్చిన పోలిక. ఎండిన దుంగ తొలుచుకుని ఉండే ప్రాణి, దుంగలు మిగిలిన చోటే కదా ఉండేది. ఒక్క గంట చూసి గీత గీయకూడదని పక్కనే రాసుకున్నాను.

ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఒక తాత పరిచయమయ్యాడు. కొండచరియ మీది పెద్ద తేనె తీయడానికి తాడు మీద దిగడంలో పేరున్న మనిషి. తాడు పైన పట్టుకునేది బావమరిదేనట. అక్క పసుపుకుంకుమలు ఆ చేతుల్లో ఉంటాయి కాబట్టి వదలడు అని చెప్పి, తన బావమరిదిని చూపించాడు. ఆయనకూ డెబ్బై ఉంటాయి. కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. పెద్ద తేనె ఈగకు, జుంటి తేనె ఈగకు, చెట్టు తొర్రలో ఉండే చిన్నవాటికి పేర్లు టకటకా చెప్పాడు. ఆకుపచ్చగా మెరిసే, బియ్యపుగింజంత సెరాటినా అనే ఈగను చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికి మీరేం పేరు పెట్టారు తాతా?"

"తేనె ఇవ్వని దానికి పేరు ఎందుకమ్మా?"

అంటూనే లేచి వెళ్లి, కంచెలో విరిగిన ఒక ఎండు పుల్ల తెచ్చి చేతిలో పెట్టాడు. మెత్తటి బెండులో సన్నని సొరంగం. "ఇందులో పడుకుంటాయి. పొద్దు ఎక్కాక బయటికి వస్తాయి." పేరు లేకపోయినా చిరునామా తెలుసు. పుస్తకాల్లో పేరుంది, చిరునామా లేదు. ఈ పని మేమిద్దరం కలిసి చేయవలసిందని అక్కడే అనిపించింది. పుల్లను ఫొటో తీసి, ఉన్న చోటే తిరిగి గుచ్చి వచ్చాం.

నవంబరు 12, శ్రీశైలం

కార్తీకం కావడంతో కాలు పెట్టడానికి చోటు లేదు. అరుణాసురుణ్ని సంహరించడానికి భ్రమరాల రూపమెత్తిన అమ్మవారు భ్రమరాంబ. ఆలయం వెనక గోడకు చెవి ఆనిస్తే ఝంకారం వినిపిస్తుందని భక్తుల నమ్మకం. నేనూ వరసలో నిలబడి చెవి ఆనించాను. నా ముందున్న ముసలావిడ చాలాసేపు కళ్లు మూసుకుని వింది, ఎవరూ తొందర పెట్టలేదు.

బయట ఒక టీ దుకాణం పందిరి వాసానికి నాలుగు గుండ్రటి కన్నాలు, వేలు పట్టేంత. కింద బల్ల మీద రంపపు పొట్టు. టీ పదిహేను రూపాయలు. గ్లాసు పట్టుకుని కన్నాల కింద కూర్చున్నాను. తుమ్మెద లోపల దవడలతో కొరుకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఆ చెక్కపొట్టుతోనే గదికీ గదికీ మధ్య అడ్డుగోడ కడుతుంది. కీటకాల్లో అతి పెద్ద గుడ్లు పెట్టేవాటిలో తుమ్మెదలు ఉన్నాయి. అందుకే ఒక్కో తల్లి పెంచేది కొద్దిమందినే. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు తూర్పు కనుమల్లో లాటిపెస్, పూబెసెన్స్ జాతుల గూళ్లు, అవి తిరిగే పూలు ఏళ్ల తరబడి గమనించి రాశారు. మన దగ్గర ఒంటరి ఈగల మీద నిలకడగా జరిగిన పని అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

వాసం పాడైపోతోంది కదా అని దుకాణదారుణ్ని అడిగాను. "వాసం మార్చుకోవచ్చమ్మా, అమ్మవారి రూపాన్ని తరమలేం కదా" అన్నాడు.

నవంబరు 14, జమ్మలమడుగు దగ్గర

గండికోట లోయ అంచున తంగేడు ఉంటుందని బయలుదేరి దారి తప్పాం. కాపరి ఒకాయన చెయ్యి ఊపిన వైపు తిరిగితే, ఆ బాట ఓ పల్లె చివర ఆగిపోయింది. ఆటో అతను వెనక్కి తిప్పుకోవడానికి అవస్థ పడుతుంటే దిగి నిలబడ్డాను. ఎదురుగా కూలిపోయిన మట్టి మిద్దె. దాని దక్షిణపు గోడ జల్లెడలా ఉంది.

ఈ ప్రయాణంలో నేను చూసిన అన్నింటిలోకి గొప్ప చోటు అదే. వందల కన్నాలు, ప్రతి కన్నం ముందూ రాకపోకలు. పొట్ట మీద నీలి పట్టీలు, ఛాతీ మీద గోధుమరంగు ఉన్ని, ఒక్క క్షణం గాలిలో నిలిచి చటుక్కున పక్కకు జరిగే ఎగురుడు. అమెజిల్లా. ఒంటరి అంటే ఏకాంతం అనుకుంటాం. ఇక్కడ వందల తల్లులు ఒకే గోడకు చేరాయి. అయినా ఎవరి తలుపు వారిదే, ఎవరి బిడ్డ వారిదే. ఉమ్మడి వంట లేదు, రాణి లేదు.

కాసేపటికి మేనల్లుడు నా భుజం తట్టాడు. గోడ మీద ఒక ఎండుపుల్లకు అంటుకుని మరో ఈగ కదలకుండా ఉంది. నల్లటి ఒంటి మీద నీలపు చుక్కలు, రత్నాలు పొదిగినట్టు. థైరియస్. దాని కాళ్లకు పుప్పొడి మోసే కుచ్చు లేదు, అవసరమూ లేదు. అమెజిల్లా మేతకు వెళ్లగానే లోపలికి దూరి దాని గదిలో గుడ్డు పెట్టి వస్తుంది. దాని పిల్ల కొడవళ్లలాంటి దవడలతో పుట్టి, ఇంటివారి గుడ్డునో పిల్లనో చంపి, పుప్పొడి ముద్ద తాను తింటుంది. మేనల్లుడికి కోపం వచ్చింది. నాకు మాత్రం సంతోషంగానే ఉంది. పరాన్నభుక్కు కనిపించిందంటే ఆ గోడ మీద అమెజిల్లాలు దాన్ని కూడా పోషించగలిగినంత దండిగా ఉన్నాయన్నమాట.

పక్కింటి అవ్వ చేటలో చెనక్కాయలు చెరుగుతూ చాలాసేపు మమ్మల్ని చూసి, చివరికి పిలిచింది. రాగి సంగటి, చెనక్కాయల పచ్చడి, పెద్ద ఉల్లిపాయ. తినేదాకా వచ్చిన పని అడగలేదు, అది అక్కడి మర్యాద. తిన్నాక అడిగింది. చెప్పాను.

"అవి కుట్టవు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నాయి" అంది. మళ్లీ కాస్త ఆగి, "మనవడు ఇల్లు కట్టాలంటున్నాడు. ఈ గోడ ఏ నెలలో పడగొడితే వాటికి ఇబ్బంది ఉండదమ్మా?"

సమాధానం నా దగ్గర లేదు. ఈ ఎండల ప్రాంతంలో అవి ఏడాదిలో ఒక్క తరంతో ఆగవు. గోడలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆలోచించి చెబుతానని ఫోను నంబరు తీసుకున్నాను.

చీకటి పడుతుండగా ఆటో అతనే పిలిచి చూపించాడు, గట్టు మీది ఎండుగడ్డి పరకకు తొమ్మిది మగ ఈగలు వరసగా వేలాడుతున్నాయి. గూళ్లు ఆడవాటివే. మగవి ఇలా దవడలతో పరకను కరుచుకుని, కాళ్లు ముడుచుకుని రాత్రంతా నిద్రపోతాయి. అమెజిల్లాలో ఏ జాతి అన్నది తేల్చడానికి మగదాని ముఖం మీది పసుపు గుర్తులు, కాళ్ల వెంట్రుకలు ముఖ్యం. ఇంత దగ్గరగా, ఇంత నిశ్చలంగా మళ్లీ దొరకవు. దీపం అడ్డుపెట్టి నలభై ఫొటోలు తీశాను, ఒక్కటీ కదలలేదు. ఆటోకు మాట్లాడుకున్నది ఆరు వందలు. రాత్రి దాకా ఉన్నందుకు ఎనిమిది వందలిస్తే, అతను వంద వెనక్కి ఇచ్చాడు.

లోయను మర్నాడు చూశాం. అందరూ రాసేదే, నేను రాయను. తంగేడు గంటలో అమెజిల్లాలు ఇరవై రెండు సార్లు, తుమ్మెద రెండుసార్లు.

నవంబరు 16, అనంతపురం జిల్లాలో ఒక పల్లె

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. ఆ రుచి కోసమైనా ఈ జిల్లాకు మళ్లీ రావచ్చు.

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. వేరుశనగ పీకేసిన ఎర్ర ఇసుక చేలల్లో మొదట ఏమీ కనిపించదు. బోరు పక్కన గట్టిపడ్డ బోడి నేల మీద మోకాళ్ల మీద కూర్చుంటే, ఉప్పు రాశి పోసినట్టు బుల్లి మట్టి కుప్పలు, ప్రతి కుప్ప నడుమ బియ్యపుగింజ పట్టేంత రంధ్రం. హాలిక్టిడే కుటుంబం. ఒంటరి ఈగల్లో నేలలో గూడు పెట్టేవే ఎక్కువ, మనం అడుగు వేసే చోటు వాటి పైకప్పు. ఈ కుటుంబాన్ని రెక్కలో ఒక నరంతో గుర్తుపడతాం. మొదట్లోనే విల్లులా బాగా వంగి ఉంటుంది. కుటుంబం దాకా సులువే. అక్కడి నుంచి లాసియోగ్లోసమ్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఏ జాతి అంటే ముఖం మీది గుంటలు లెక్కపెట్టే నిపుణులకే కష్టం. పైగా ఈగ ముసలిదయ్యేకొద్దీ వెంట్రుకలు రాలి రంగు వెలుస్తుంది. రంగు నమ్మి పేరు పెడితే తాతనూ మనవణ్నీ రెండు జాతులని రాసినట్టే.

ఊరి చివర వంగతోటలో అందమైనది ఒకటి దొరికింది. పొట్ట మీద ముత్యపు చిప్ప లోపలి వన్నె పట్టీలు, నోమియా వర్గం. వంగ పువ్వు కూడా తంగేడు లాంటిదే, కొనల్లో రంధ్రాలు తప్ప పుప్పొడికి దారి లేదు. ఈగ పువ్వును కావలించుకుని వణికింది, దాని పొట్ట మీద పచ్చటి పొడి రాలింది. మంచుపెట్టెలో ఉంచి రెక్కలు చూశాను. ఇరవై రూపాయల మంచు అప్పటికే సగం నీళ్లయింది. ఈగ నాలుగు నిమిషాలకే తేరుకుని నా బొటనవేలి మీద ఒళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. తోట యజమాని ఆరు కాయలు కోసి ఇచ్చి, "ఇవన్నీ అది కాయించినవే అయితే దానికీ వాటా ఇవ్వాలి" అన్నాడు. తోట అంచున రెండు గజాల నేల దున్నకుండా వదిలితే అదే వాటా అన్నాను. నవ్వలేదు, ఏ అంచు అని అడిగాడు.

తంగేడు దగ్గర ఇక్కడ ఫెనెస్ట్రాటా అనే మరో తుమ్మెద వచ్చింది. ఆ పేరుకు 'కిటికీలున్నది' అని అర్థం. నాలుగు ఊళ్లు, ఒకే పువ్వు, నాలుగు రకాల కొలువు.

నవంబరు 19, అరకు

సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. తొమ్మిది గంటలకు నేను అలవాటుగా నోటుపుస్తకం తెరిచాను, లోకమంతా తెల్లటి మంచు. ఒక్క ఈగ లేదు. వెతికిన మేరకు తంగేడూ లేదు. పదింపావుకు ఎండ చేను మీద పడింది, నూనెగింజల పంట వలిసె పూల మీద ఒక్కసారిగా కదలిక మొదలైంది. ఒకే పువ్వు, ఒకే గంట అన్న నా పద్ధతి కింద మైదానాలకే సరిపోయింది. కొండ మీద పువ్వూ మార్చాలి, గడియారమూ మార్చాలి. అది కూడా రాసుకున్నాను.

వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్కది కావాల్సిందే. పసుపు చేలో దిగి ఫొటోలు తీసుకోవడానికి మనిషికి ముప్పై రూపాయలు. డబ్బు తీసుకున్న గిరిజన యువతి, అందరూ పది నిమిషాల్లో వెళ్తుంటే మేము రెండు గంటలైనా లేవకపోవడం చూసి వచ్చి పక్కన కూర్చుంది. పొట్ట కింద పసుపు ముద్దతో వెళ్తున్న మెగాకైలిని చూపించాను. ఆమె కాసేపు చూసి, "వెనక ముక్కు సూదిగా ఉండేది ఒకటి వస్తుంది, అది పూల మీద తక్కువ, కర్రల దగ్గర ఎక్కువ" అంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆమె చెబుతున్నది కోలియోక్సిస్ గురించి. పొట్ట చివర మొనదేలి ఉంటుంది, మెగాకైలి గూళ్లలో దొంగగా గుడ్డు పెడుతుంది. ఏ పుస్తకమూ చదవకుండా రూపమూ నడతా రెండూ పట్టేసింది.

ఏ కర్రలు అని అడిగితే వాళ్ల అక్క బొంగులో చికెన్ దుకాణానికి తీసుకెళ్లింది. కాల్చిన బొంగు చీల్చి విస్తరాకులో పోస్తుంటే వచ్చే వాసనకు మేనల్లుడు ఈగల సంగతి మరిచిపోయాడు. నేను దుకాణం వెనక సన్న వెదురు దడి దగ్గర ఉండిపోయాను. కోసిన వెదురు కొనలు ఆకాశం వైపు తెరిచి ఉన్నాయి. కొన్నింటికి మట్టి మూత, కొన్నింటికి ఆకుబిళ్లల మూత, రెండింటికి మైనంలా మెరిసే జిగురు మూత. మూడు మూతలంటే కనీసం మూడు రకాల పనివాళ్లు. మంట వేయడానికి పాత దడి కర్రలు వాడతారా అని అడిగాను. వాడతామంది అక్క. మూత ఉన్న కర్రను పక్కన పెట్టమన్నాను. చెల్లెలు వెంటనే వెళ్లి మూత ఉన్నవాటికి చిన్న గుడ్డపీలికలు కట్టడం మొదలుపెట్టింది.

నవంబరు 24, ఇల్లు

లెక్క చూసుకుంటే అరవై ఒక్క ఈగల ఫొటో వరసలున్నాయి. జాతి పేరు నిబ్బరంగా రాయగలిగినవి తొమ్మిది. ముప్పై ఎనిమిదింటిని ప్రజాతి దగ్గర ఆపాను. పన్నెండింటికి కుటుంబం మాత్రమే రాశాను, రెండింటికి అదీ రాయలేదు. ప్రతిదానికీ ఊరు, తేదీ, సమయం, నేల రంగు, పువ్వు, గూడు ఉంటే దాని మూత అన్నీ ఉన్నాయి. పేరు గడిని ఊహతో నింపితే ఒకరు దాన్ని నమ్ముతారు, నమ్మి పటంలో చుక్క పెడతారు. ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు వెతుక్కుంటూ ఆ ఊరికి వెళతారు.

నిన్న అవ్వకు ఫోను చేశాను. పడగొట్టడానికి మంచి నెల లేదని ఉన్నమాట చెప్పాను. దక్షిణపు గోడ ఒక్కటీ, నడుము ఎత్తు దాకానైనా, పైన రేకు కప్పి ఉంచగలరేమో అని అడిగాను. మనవడితో మాట్లాడి చెబుతానంది. అతనే మళ్లీ ఫోను చేసి, గోడ పొడవు ఎంత వదలాలి, రేకు ఎంత ముందుకు రావాలి అని కొలతలు అడిగాడు. పన్నెండు అడుగులు, రేకు అడుగున్నర అని చెప్పాను. జులైలో సెలవు పెట్టి వెళ్లి, ఆ గోడ ముందు మళ్లీ కూర్చోవాలి. వానాకాలంలో అక్కడ ఎవరు ఉంటారో నా పుస్తకంలో ఇంకా లేదు.